బాపు వంతు

ఆ ఏడు నెలల్లో మా బాపు పోగొట్టుకున్నవి ముందు రాస్తాను. బరువు తొమ్మిది కిలోలు. దవడ పళ్లు రెండు. నిద్ర, రోజుకు మూడు గంటలకు పైనే. మధ్యాహ్నపు అన్నం పూర్తిగా, రాత్రి అన్నం సగం. తుమ్మ చేతికర్ర ఒకటి. ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు, వెతకనూ లేదు. పాలిచ్చే బర్రె ఒకటి. దాన్ని అమ్మింది నేనే. రెండు రోజులకోసారి గడ్డం గీసుకునే అలవాటు. మాటలు ఎన్ని పోయాయో చెప్పలేను, మనిషి బాగున్నప్పుడు మాటలు ఎవరూ లెక్కపెట్టరు కదా. ఒక ఆదివారం నాకు సెలవుంటే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం పదకొండు మాటలు. అందులో నాలుగు "ఊఁ".

భూమి ఈ లెక్కలోకి రాదు. మూడెకరాల ఎనిమిది గుంటలు విమానాశ్రయం కిందికి అంతకు చాలా ముందే పోయింది. దానికి వచ్చిన పైసలు ఇంటి గోడలకూ, అమ్మ దవాఖానకూ పోయాయి. అమ్మ కూడా ఈ లెక్కలోకి రాదు. ఆమె 2009లోనే పోయింది. ఆ రెండూ పోయాక కూడా బాపు తిన్నాడు, మాట్లాడాడు, నవ్వాడు. అందుకే ఈ ఏడు నెలల లెక్క వేరుగా రాయవలసి వస్తోంది. ఇందులో నా చెయ్యి ఉంది.

నేను ఏడో తరగతి దాకా చదివాను. సాతంరాయి దగ్గర బెంగుళూరు రోడ్డు పక్కన లారీలు తూచే ధర్మకాంట మీద పని. ఖాళీ బండి బరువు, లోడు బండి బరువు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సరుకు. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చీటీలు రాస్తూ రాస్తూ గజాలు, గుంటలు, వాటాలు, వడ్డీ మిత్తీలు నాకు నేనే నేర్చుకున్నాను. మా ఊరు తొండుపల్లిలో ఎవరికైనా ప్లాటు కొలత తేలకపోతే కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా వాళ్ల లెక్క చూసిన రోజులున్నాయి. లెక్క తేలితే సంగతి తేలినట్టేనని నాకు గట్టి నమ్మకం.

2011 ఎండాకాలంలో ఒక తెల్లవారి బాపు బర్రెకు నీళ్లు పెడుతూ తొట్టి పక్కన కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. "ఎడమ చెయ్యి గుంజుతున్నది బిడ్డా" అన్నాడు. అప్పటికి ఆయనకు అరవై ఏడు. ఆటోలో పట్నం సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. గుండెపోటు అన్నారు. తొమ్మిది రోజులు ఉంచుకుని బతికించి పంపారు. పంపేటప్పుడు అక్కడి డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: కల్లు బంద్, బీడీ బంద్, ఉప్పు తగ్గించాలి, బరువు పనులు వద్దు, గోలీలు ఒక్క పూట కూడా తప్పకూడదు. మళ్లీ ఇట్లా వస్తే మా చేతుల్లో ఉండదు అన్నాడు.

ఆ మాటకు నాకు భయం పట్టుకుంది. భయం వేస్తే నేను గీతలు గీస్తాను. వంద పేజీల నోటుబుక్కు కొని గళ్లు కొట్టాను. తారీకు, పై బీపీ, కింది బీపీ, బరువు, గోలీలు. బీపీ వారానికోసారి ఊళ్లో ఆర్‌ఎంపీ చూసేవాడు. బరువు తూచడానికి మా ధర్మకాంట పనికిరాదు, అది పది కిలోల లోపు తేడా చూపదు. అందుకని పాత ఇనుప సామాను దుకాణంలో తూకం బల్ల మీద నిలబెట్టేవాణ్ని.

"ఏందిరా, ఇనుప సామాన్ల కింద అమ్ముతవా నన్ను? కిలో ఎంతకు పోతున్న?" అన్నాడు మొదటిసారి. దుకాణమాయన కూడా నవ్వాడు. తరువాత చాలా నెలలు ఆయన నోట అట్లాంటి మాట రాలేదు.

కల్లు సంగతి చెప్పాలి. ఊరి చివర, ప్లాట్లు వేసిన వెంచరు గోడకు ఇవతల, ఇరవై ముప్ఫై ఈతచెట్లు మిగిలి ఉండేవి. వాటి కింద కల్లు కంపౌండు. మధ్యాహ్నం మూడు గంటలకు బాపు అక్కడికి పోయేవాడు, ఆరింటికి ఇంటికొచ్చేవాడు. వానొచ్చినా అంతే, ఎండ కొట్టినా అంతే. అక్కడ ఆయనతో కూర్చునేవాళ్లు ముగ్గురు. ఒకాయన మేకలు కాసేవాడు, ఇంకొకాయన చేతులు వణకడం మొదలయ్యాక పని మానేసిన మేస్త్రి, మూడో ఆయన పక్క వెంచరుకు వాచ్‌మన్. మనిషికో సీసా, నలుగురికీ కలిపి ఒక పొట్లం ఉడకబెట్టిన శనగ గుడాలు.

బాపు దవాఖాన నుంచి వచ్చిన రెండో రోజే నేను అక్కడికి పోయాను. కల్లు పోసే గౌండ్లాయనతో, అందరూ వినేట్టు చెప్పాను. "ఇగ మా బాపుకు ఒక్క చుక్క పొయ్యకుండ్రి. ఆయనకేమన్న అయితే జవాబు మీరే చెప్పాలె."

మేకలాయనకు కోపం వచ్చింది. "అరే, మేం ఇన్నొద్దులు జహర్ పోసినమా మీ నాయనకు?"

"పోసిన్రో లేదో డాక్టర్‌నడుగు పో."

"తాగకుంటె తాగకపాయె. వచ్చి కూసోనియ్యి" అన్నాడు మేస్త్రి.

"కూసుంటె తాగుతడు" అన్నాను. ఇంటికి తిరిగి వచ్చాక మా ఆవిడకు కూడా చెప్పాను, వాళ్లెవరైనా వస్తే పడుకున్నాడని చెప్పమని. వాళ్లు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆమె అట్లాగే చెప్పింది. ఆ తరువాత రాలేదు.

నోటుబుక్కులో అంకెలు మంచిగా దిగుతూ వచ్చాయి. నూట డెబ్భై ఉన్న పై బీపీ నూట నలభైకి వచ్చింది, తరువాత నూట ముప్ఫైకి, దీపావళి నాటికి నూట పద్దెనిమిదికి. అరవై నాలుగు కిలోల మనిషి యాభై ఐదుకు వచ్చాడు. బరువు తగ్గితే గుండెకు మంచిదని దవాఖానలో చెప్పింది నాకు గుర్తుంది. గోలీలు ఇస్తే చెయ్యి చాపి తీసుకునేవాడు, మింగేవాడు, మళ్లీ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒక్క గోలీ కూడా తప్పలేదు. ప్రతి గడిలో టిక్కు. డ్యూటీలో అలిసిపోయి వచ్చిన రోజు ఆ పేజీ చూసుకుంటే నాకు ప్రాణం లేచి వచ్చేది.

మా ఆవిడ మాత్రం గొణుగుతూనే ఉంది. "మామ తింటలేడు. పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉంటున్నది."

"ఉప్పు లేకుంటె ఎవరు తింటరు. అలవాటైతది తియ్యి."

"ఉప్పు సంగతి గాదు. నేను వాకిలూడుస్తుంటె ముందట్ల గిట్ల ఊడువు, గట్ల ఊడువు అని పదిసార్లు తిట్టేటోడు. ఇప్పుడు చీపురు మంచానికి తాకినా కాళ్లు తీస్తలేడు. మనిషి ఇంట్ల లేనట్టే ఉన్నది. గది గూడ రాసుకో నీ బుక్కుల."

దానికి నా దగ్గర గడి లేదు. ఆ ఆదివారం మాటలు లెక్కపెట్టడానికి కూర్చున్నది ఆమె పోరు పడలేకే. పదకొండు అని తేలాక కూడా, ముసలితనం కదా అనుకున్నాను. ఆ మాట చాలా సుఖంగా ఉంటుంది. దాని వెనక మనం చెయ్యవలసింది ఏమీ ఉండదు.

డిసెంబరులో గోలీల కోసం మా దగ్గరి సర్కారు దవాఖానకు పోయాం. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మాట మెత్తగా ఉంది. నేను నోటుబుక్కు ముందుకు తోశాను, మెచ్చుకుంటుందనే ఆశతో. ఆమె ఆరు పేజీలూ చూసింది.

"చాలా శ్రద్ధగా రాశారండీ. ఈయన ఏం తింటున్నారో ఎక్కడ రాశారు?"

నేను గళ్ల మీద పేర్లు మళ్లీ చదువుకున్నాను.

"ఏడు నెలల్లో తొమ్మిది కిలోలు. ఇది మనం తగ్గించింది కాదు. తిండి లేక తగ్గింది. బీపీ కూడా అంతే." బాపు వైపు కుర్చీ జరుపుకుంది. "పెద్దాయనా, నిద్ర పడుతోందా?"

"ఊఁ."

"పొద్దున లేస్తే మీకేమనిపిస్తుంది?"

బయట విమానం పోయింది. ఆ చప్పుడు తగ్గే దాకా ఆమె ఆగింది. అప్పుడు బాపు అన్నాడు, "ఏం అనిపిస్తలేదమ్మా. గదే బాధ."

ఆ ఏడు నెలల్లో అది ఆయన తన గురించి చెప్పిన మొదటి మాట. అది కూడా నాతో చెప్పలేదు.

బాపును బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఆమె నాకు వివరంగా చెప్పింది. గుండెపోటు వచ్చిన పెద్దవాళ్లలో ఇట్లా మనసు కుంగిపోవడం చాలా చూస్తామంది. అది బద్ధకం కాదు, ముసలితనం కాదు, జబ్బు. గుండె జబ్బు, ఈ జబ్బు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. తినరు, నడవరు, కొన్నాళ్లకు గోలీలు కూడా మింగరు, దాంతో గుండె ఇంకా పాడవుతుంది. ఒక చిన్న గోలీ రాసింది. పని చేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఆపొద్దు అంది. ఆ తరువాత అడిగింది, "గుండెపోటుకు ముందు ఈయన రోజు ఎట్లా గడిచేది? గంటల లెక్కన చెప్పండి."

గంటల లెక్క అంటే నాకు తేలిక. ఐదింటికి లేవడం, బర్రె, పాలు, మేత. మధ్యాహ్నం అన్నం, కాసేపు కునుకు. మూడు నుంచి ఆరు దాకా కల్లు కంపౌండు. చెబుతూ ఉంటే నాకే వినబడింది. బరువు పనులు వద్దన్నారని బర్రెను అమ్మేశాను, కంపౌండు బంద్ పెట్టాను. ఆయన మెలకువగా ఉండే పదిహేను గంటల్లో పది గంటలు నేనే తీసేశాను, వాటి స్థానంలో ఒక మంచం పెట్టాను. ఒక సీసా కల్లు తాగడానికి ఎంతసేపు కావాలి? మిగతా రెండున్నర గంటలూ మనుషులే కదా.

"కల్లు వద్దు. ఆ మాట మీద గట్టిగా ఉండండి" అంది డాక్టరమ్మ. "మనుషుల దగ్గరికి మాత్రం పంపండి."

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. గోడ వైపు తిరిగాడు. మర్నాడు చెప్పినా అంతే. నాలుగో రోజు నేను విసిగిపోయి, "ఏందే బాపూ, పొమ్మంటె పోవు, ఉంటె మాట్లాడవు" అని గట్టిగా అన్నాను. అప్పుడు మెల్లగా అన్నాడు.

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె. నా వంతున్నది."

ఏం వంతో నాకు అర్థం కాలేదు. అడగ్గా అడగ్గా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ నలుగురిలో ఎవరి కల్లు వాళ్లు కొనుక్కోరు. రోజుకొకరి వంతు. వంతున్నవాడు ఆ రోజు నలుగురికీ నాలుగు సీసాలు ఇప్పిస్తాడు. ముప్ఫై ఏళ్లుగా అదే వరస. బాపు కూలబడ్డ రోజుకు ముందు మూడు రోజుల్లో వాచ్‌మన్, మేకలాయన, మేస్త్రి వరసగా ఇప్పించారు. ఆ పొద్దు బాపు వంతు.

"మూడు దినాలు వాళ్లది తాగిన. నా దినం వచ్చేసరికి దవాఖానల పన్న. ఇచ్చింది లేదు, చెప్పింది లేదు. గది చాలదన్నట్టు నువ్వు పోయి వాళ్ల మీదనే ఒర్లితివి. ఇగ నన్నేమనుకుంటరు వాళ్లు? వంతు ఎగ్గొట్టనీకె కొడుకును తోలిండనుకోరా?"

ఏడు నెలలు ఆయన మంచం మీద ఈ లెక్క వేసుకుంటూ పడుకున్నాడు. అదే ఇంట్లో నేను నా లెక్క వేసుకున్నాను. జబ్బంతా ఆ వంతులోంచి వచ్చిందని నేననను, డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తుంది. కాని ఆయన లేవడానికి అడ్డంగా పడ్డ బండ మాత్రం అదే.

ఇంత చిన్న సంగతేనా అనుకున్నాను. నాలుగు సీసాల పైసలు జేబులో వేసుకుని ఆ మధ్యాహ్నమే కంపౌండుకు పోయాను. ముగ్గురూ ఉన్నారు. నాలుగో మనిషి కూర్చునే చోట మేకలాయన తన గొంగడి పెట్టుకున్నాడు. నన్ను చూసి ఎవరూ జరగలేదు. నేను పైసలు తీసి, మా బాపు వంతు అన్నాను.

మేకలాయన నోట్లు చూడను కూడా చూడలేదు. "ఎవలియి?"

"మా బాపుయి."

"మీ బాపు ఏడి?"

"ఇంట్ల ఉన్నడు."

"మరి నువ్వెవనివి? నువ్వు కూసున్నవా మాతోని? తాగినవా? వంతు వానిది. వాడే వచ్చి ఇయ్యాలె."

"ఆయన తాగొద్దు గద కాకా, డాక్టర్ చెప్పిండు."

"తాగుమని ఎవడన్నడయ్యా? ఇప్పియ్యమన్నం" అన్నాడు వాచ్‌మన్.

మేకలాయన నా వైపు వేలు చూపించాడు. "పోయి చెప్పు మీ నాయనకు. వంతు మాఫ్ కాలేదని చెప్పు. ఏడు నెలలాయె, మిత్తి గూడ పెరుగుతున్నదని చెప్పు."

పైసలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ మాట బాపుతో చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. మనసు బాగాలేని మనిషితో ఇట్లాంటిది చెప్తే ఇంకా కుంగిపోతాడేమో. చివరికి నాకు వేరే దారి దొరక్క, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

బాపు మోచేతి మీద లేచాడు. "మిత్తా? వంతుకు మిత్తి ఏందిరా? వానికి సిగ్గున్నదా? పోయినేడు వానకాలం వాని మేక తప్పిపోతె వారం దినాలు వాని వంతు నేనిచ్చిన, నేనడిగిన్నా మిత్తి? లంగ మాటలు!"

వాకిట్లో బియ్యం ఏరుతున్న మా ఆవిడ చేట అట్లాగే పట్టుకుని నా వైపు చూసింది. నేను మాటలు లెక్కపెట్టలేదు.

ఆ కోపంతోనే లేచి పోయాడని రాస్తే బాగుండేది. పోలేదు. మళ్లీ పడుకున్నాడు. మర్నాడూ పడుకున్నాడు. కాని ఆ రోజు రాత్రి అన్నం పూర్తిగా తిన్నాడు. మూడో రోజు కర్ర ఏదని అడిగాడు. అది దొరకలేదు, నేను కొత్తది తెచ్చాను, బరువెక్కువుందని తిట్టాడు. తొమ్మిదో రోజు పోతానన్నాడు, నేను సెలవు పెట్టాను. రెండున్నరకు మా ఆవిడ గడ్డం గీయించి, చిన్న సీసాలో మజ్జిగ పోసి ఇచ్చింది. ఇంటి నుంచి కంపౌండుకు నా అడుగుల్లో ఆరు వందల నలభై. బాపు దారిలో మూడుచోట్ల కూర్చున్నాడు. నేను పది అడుగులు వెనక నడిచాను, పక్కన నడిస్తే కసిరాడు కాబట్టి.

వాళ్లు ఆయన్ని చూసి లేవలేదు. ఏమయింది, ఎట్లున్నావు అని అడగనూ లేదు. మేకలాయన గొంగడి తీసి తన ఒళ్లో వేసుకున్నాడు, అంతే. బాపు ఆ చోట కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక మొలలోంచి పైసలు తీశాడు.

"ఇగో నా వంతు."

"ఇయ్యాల మేస్త్రిది" అన్నాడు మేకలాయన.

"ముందటిది నాదున్నది గద."

"ఉంటె ఉన్నది. వరుసల వచ్చినప్పుడియ్యి. నడుమల దూరుతవేంది?"

బాపు పైసలు మళ్లీ మొలలో దోపుకున్నాడు. గుడాల పొట్లం ఆయన వైపు వచ్చింది. ఉప్పు ఎక్కువున్నదని నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆయన నాలుగు గింజలు తీసుకుని, మజ్జిగ తాగి, వెంచరులో ఎవరి ప్లాటో గోడ వంకరగా కట్టారని మేస్త్రితో వాదం పెట్టుకున్నాడు.

మర్నాడు కూడా పోయాడు. ఆ మర్నాడు కూడా. నేను డ్యూటీ ముగిశాక ఆయన్ని తీసుకురావడానికి పోతూ, రోజూ ఎవరి వంతో అడిగేవాణ్ని. మేస్త్రి, వాచ్‌మన్, మేకలాయన. మళ్లీ మేస్త్రి, వాచ్‌మన్, మేకలాయన. మూడు వారాలయ్యేసరికి నాకు అనుమానం వచ్చింది. నాలుగు రోజులకోసారి రావలసిన వంతు బాపుకు ఒక్కసారి కూడా రాలేదు. బాపు బీడీల వాసన పడక గాలికి అవతల పక్కన కూర్చున్నప్పుడు మేస్త్రిని అడిగాను.

"కాకా, మీ వరుసల తప్పున్నది. నలుగురుండంగ ముగ్గురే తిరుగుతున్రు."

"నీ లెక్కలు నీ కాంట కాడ పెట్టుకో" అన్నాడు మేస్త్రి మెల్లగా. "వంతున్నన్నొద్దులు వస్తడు. ఇచ్చేస్తె రాకున్న రాకపాయె. ఎర్కైందా?"

ఎరుకయింది. బాపుకు కూడా ఎరుకయే ఉంటుంది, ఆయన నాకంటే లెక్క తెలిసినవాడు. ఇద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

బాపు మునుపటి మనిషి అయ్యాడని చెప్పలేను. గోలీలు రెండేళ్ల పైన వాడాం. కొన్ని నెలలు బాగుండేవి, కొన్ని నెలలు మళ్లీ గోడ వైపు తిరిగేవాడు. బరువు అరవైకి వచ్చి ఆగింది. పై బీపీ నూట నలభైకి ఎక్కింది. ఈ వయసుకు ఇది పర్వాలేదు, తింటున్న మనిషి బీపీ ఇది అంది డాక్టరమ్మ. 2013లో మేకలాయన కామెర్లతో పోయాడు. ఆ దెబ్బకు బాపు పదహారు రోజులు మంచం దిగలేదు. ఆ పదహారు రోజులూ మేస్త్రి, వాచ్‌మన్ మూడింటికి మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. ఈసారి పడుకున్నాడని ఎవరూ చెప్పలేదు. పదిహేడో రోజు ముగ్గురూ కలిసి కంపౌండుకు పోయారు.

2014 వానాకాలంలో ఒక పొద్దున బాపు గుండె ఆగిపోయింది. డాక్టర్లు మొదటే చెప్పిన రెండో పోటు అది. ఆటో వచ్చేలోపే అయిపోయింది. ముందు రోజు మూడింటికి పోయి ఆరింటికి వచ్చాడు, రాత్రి రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. మొదటి పోటుకూ రెండో పోటుకూ మధ్య మూడేళ్ల మూడు నెలలు. అందులో నేను మంచానికి అప్పజెప్పిన ఏడు నెలలు తీసేస్తే, రెండేళ్ల ఎనిమిది నెలలు.

దినాలయ్యాక నాలుగు కల్లు సీసాలు కొని, పట్టుకుని కంపౌండుకు పోయాను. అప్పటికి ఈతచెట్లు తొమ్మిదే మిగిలాయి. మేస్త్రి సీసాలు చూశాడు, నన్ను చూశాడు.

"వాపస్ తీస్కపో."

"ఇప్పుడన్న తీస్కో కాకా. ఆయన లేడు గద."

"గందుకే. వంతు మనిషిది. కొడుకుకు రాదు. భూమి అనుకున్నవా?"

వాచ్‌మన్ కూర్చోమని కూడా అనలేదు. నేను సీసాలు గౌండ్లాయనకు తిరిగి ఇచ్చేసి ఇంటికొచ్చాను. అప్పట్నుంచి ఈ లెక్క చాలాసార్లు వేశాను. వంతు అంటే సీసాలు నాలుగు. అందులో ఒకటి బాపుదే, ఎవరికి వాళ్లు బాకీ పడరు కాబట్టి అది తీసెయ్యాలి. మేకలాయన పోయాడు కాబట్టి ఆయనది కూడా తీసెయ్యొచ్చని ఒకసారి అనిపించింది. కాని ఆయన మాఫ్ చెయ్యలేదు, ఆ మాట నాతోనే అన్నాడు. తీసేసే హక్కు నాకు లేదు. ఈ రోజు వరకు బాకీ, కల్లు సీసాలు మూడు.